శూన్యగర్భం

ఆషాఢ అమావాస్య. మిట్టమధ్యాహ్నం.

నడినెత్తిన ఉండవలసిన సూర్యుడు కారుమబ్బుల మధ్య ఎక్కడో కరిగిపోయాడు. తాడేపల్లిగూడెం మీద పట్టపగలే చీకటి కమ్ముకుంది. గాలి లేదు... ఆకు కదలడం లేదు... పడమట కొల్లేటి వైపు నుంచి ఒక ఉరుము పుట్టి, కొన ఊపిరితో ఉన్న పశువు గొంతులోని గురగురలా పొడుగ్గా సాగి, హఠాత్తుగా ఆగిపోయింది. సన్‌షేడ్ కింద నక్కిన పావురాలు రెక్కలు ముడుచుకుని, కళ్లు మాత్రం తెరుచుకుని, కదలకుండా కూర్చున్నాయి.

ఆ వేళలో బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, చేతిలోని తెల్లటి ప్లాస్టిక్ కిట్ వైపు చూస్తూ నిలబడింది శ్రీదుర్గ.

ఒక్క గీత. ఎర్రగా, తిన్నగా, ఒక్కటే గీత. రెండోది రాలేదు.

మాఘమాసంలో నెల తప్పింది. అప్పటి నుంచీ ప్రతి నెలా ఇదే కిట్, ఇదే గీత. పొద్దున్నే వేవిళ్లు. కాఫీ వాసన తగిలితే కడుపులో తిప్పేది. చీర కుచ్చిళ్లు నాభి కిందికి జారిపోయేలా పొట్ట పెరిగింది. రక్తపరీక్ష చేయిస్తే అందులోనూ ఏమీ లేదన్నారు. హార్మోన్ల తేడా కావచ్చని బిళ్లలిచ్చారు. వేసుకుంది. పొట్ట పెరుగుతూనే ఉంది.

కిట్‌ను చెత్తబుట్టలో పడేసి గడియ తీయబోతుండగా... లోపల కదిలింది.

చేప తోక కొట్టినట్టు ఒక్క తాపు. తర్వాత, లోపలి గోడను గోటితో మెల్లగా గీరినట్టు...

మరో ఆడదైతే కెవ్వుమనేది. లేకపోతే సంబరంతో మొగుడికి ఫోన్ చేసేది. శ్రీదుర్గ రెండూ చేయలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఎవరి పొట్టో తడిమినట్టు తడిమి, తలుపు తీసుకుని బయటికొచ్చి అన్నం వార్చింది. రెండేళ్ల నుంచీ ఆమె అలాగే ఉంది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది, వంట చేస్తుంది, పలకరిస్తే నవ్వుతుంది. ఆ నవ్వు వెనక మాత్రం ఎవరూ ఉండరు.

రెండేళ్ల కిందట, నెలలు నిండాక, ఆమె కడుపులోనే బిడ్డ చనిపోయింది. మత్తులో ఉండగానే తీసేశారు. మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్లు చూపించలేదు. ఆమె అడగలేదు. ఆడపిల్లో మగపిల్లాడో కూడా అడగలేదు.

మర్నాడు భర్త ప్రదీప్ ఆమెను ఏలూరు తీసుకెళ్లాడు.

డాక్టర్ స్నేహలత నలభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి, స్కానింగ్ మిషన్ తిప్పుతూ తెర వైపు చూసింది. తెర మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు.

"గర్భసంచి ఖాళీగా ఉందమ్మా," అంది. "నొప్పేమైనా ఉందా?" అంటూ ఎడమచేత్తో పొట్ట అదిమింది.

అదిమిన చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేసింది.

స్నేహలత తెర వైపు మళ్లీ చూసింది. మసక... శూన్యం... భయంభయంగా చెయ్యి మళ్లీ ఆనించింది. ఆ శూన్యంలోంచి ఏదో ఆమె అరచేతిని తన్నింది. ఒకసారి కాదు, ఆగకుండా, ఆకలేసిన పసిబిడ్డ కాళ్లు తపతప కొట్టుకున్నట్టు...

"మీకూ తెలిసిందా అండి?" అంది శ్రీదుర్గ, బస్సు వేళ అడిగినంత మామూలుగా.

డాక్టర్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది. "తీరని దుఃఖం ఉంటే, లేని గర్భాన్ని కూడా ఉన్నట్టు నటిస్తుందమ్మా శరీరం. అలాంటి కేసులు చూశాను. అందులో భయపడాల్సిందేమీ లేదు. కానీ..." అని ఆగింది. "నా చేతికి తగిలినదాన్ని ఏమనాలో నాకు తెలీదు. మీకు అబద్ధం చెప్పలేను. అప్పుడు పోయిన మీ బిడ్డను ఎవరైనా చూశారా?"

"మా ఆయన చూశారండి."

"ఆయన్ని అడగండి. బిడ్డ గురించి మీరిద్దరూ ఒక్కసారైనా మాట్లాడుకోండి."

శ్రీదుర్గ తలూపింది. కానీ అడగలేదు. అడగడానికి లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఇంట్లో సంతోషంగా ఉన్నది ఒక్క అత్తగారే. నాగరత్నం కోడలి పొట్ట చూసి మురిసిపోయేది. ప్రతి అమావాస్యనాడూ గోరువెచ్చటి పాలల్లో చిటికెడు బూడిద కలిపి, "అమ్మవారి ప్రసాదం అమ్మాయ్, తాగెయ్," అని దగ్గరుండి తాగించేది. శ్రావణంలో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, ఒక పెద్దమనిషిని ఇంటికి తీసుకొచ్చింది.

పేరు పాండురంగారావు. అరవై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి, పెదవుల మీద చెరగని చిరునవ్వు. కొల్లేటి వైపు ఉంటారనీ, ఎంతోమందికి సంతానం ప్రసాదించారనీ నాగరత్నం చెప్పింది. ఆయన గుమ్మంలోకి అడుగుపెట్టగానే శ్రీదుర్గ కడుపులో తిరుగుతున్నది గడ్డకట్టినట్టు ఆగిపోయింది. యజమాని అలికిడి విన్న కుక్కలా... కాదు, దెబ్బలకు అలవాటుపడిన కుక్కలా...

"కూర్చోండమ్మా, నిలబడకూడదు మీరు," అన్నాడాయన ఎంతో మర్యాదగా. "ఆ డాక్టర్ల పరీక్షలు మనకెందుకండీ? వాటికి కనపడే బిడ్డ కాదిది. మహాలయ అమావాస్యకి నెలలు నిండుతాయి. అంతవరకూ ఏడవకండి. ఎవరితోనూ పాత సంగతులు ఎత్తకండి. అంతే."

"నేను ఏడవనండి," అంది శ్రీదుర్గ.

"తెలుసమ్మా," అని నవ్వాడాయన. "అందుకే కదండీ ఇంతదూరం వచ్చింది."

ఆయన వెళ్లిపోయాక కడుపులోది వణకడం మొదలుపెట్టింది. ఆ రాత్రి తెల్లవార్లూ వణుకుతూనే ఉంది. భాద్రపదం వచ్చేసరికి ఆమె జాకెట్టు పాలతో తడవసాగింది. బుగ్గలు లోపలికి పోయాయి, గోళ్లు నల్లబడ్డాయి. ఆమె ఒంట్లోని నెత్తురును ఎవరో లోపలి నుంచి గుక్కగుక్కగా తాగుతున్నట్టు మనిషి తెల్లగా పాలిపోయింది. స్కూలు వాళ్లు సెలవు పెట్టుకోమన్నారు. పెట్టుకుంది.

మహాలయ అమావాస్య రోజున, తెల్లవారుతూనే వాయుగుండం వాన మొదలైంది. గుడికని చెప్పి నాగరత్నం పొద్దున్నే వెళ్లిపోయింది. ప్రదీప్ తండ్రికి తర్పణం విడిచి, తడిబట్టలతో పీట మీంచి లేస్తున్నాడు.

"ఏవండీ," అంది శ్రీదుర్గ. "మన బిడ్డకి వదలరా?"

రెండేళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. ప్రదీప్ పంచపాత్ర కింద పెట్టేశాడు.

"చిన్నపిల్లలకి ఉండదంట, దుర్గా."

"ఎవరండీ? పాపా, బాబా?"

అతను మళ్లీ పీట మీద కూలబడ్డాడు. "పాప," అన్నాడు. "మూడు కేజీల పైన ఉంది. నిద్రపోతున్నట్టే ఉంది. జుట్టు... ఇంత జుట్టు, దుర్గా. నల్లగా, మెడ దాకా. నర్సమ్మ గుడ్డ చుడుతూ, ఇంత జుట్టున్న పిల్లని చూడలేదంది. నీకు చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నా. నువ్వు అడగలేదు. నాకు నోరు రాలేదు."

"ఎక్కడ పెట్టేరు?"

"కలిదిండిలో మన చేపల చెరువు గట్టు మీద. రోజూ పనికెళితే నా కళ్లముందు ఉంటుందని. కానీ పెట్టాక ఆ గట్టు చివరికి ఒక్కసారి కూడా వెళ్లలేకపోయాను."

"నన్ను తీసుకెళ్లండి."

గణపవరం, ఆకివీడు దాటి, ఉప్పుటేరు వంతెన ఎక్కి, ప్రదీప్ చేపల చెరువు దగ్గర కారు ఆపేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. ఆకాశం మసిబారిన కుండలా ఉంది. కొల్లేటి మీద ఎప్పుడూ తిరిగే కొంగలు, గూడబాతులు ఒక్కటి కూడా లేవు. చెరువు అవతల మనిషెత్తు కిక్కిస గడ్డి, వానలో తలలు వంచి, ఎవరి కోసమో దారి విడిచినట్టు రెండుగా చీలి ఉంది.

గట్టు చివర ప్రదీప్ ఆగిపోయాడు. అక్కడ గొయ్యి ఉంది. ఎప్పుడో తవ్వి వదిలేసింది. అంచులకి గడ్డి మొలిచింది. లోపల వాననీళ్లు తప్ప ఏమీ లేదు.

"ఇక్కడే పెట్టాను," అన్నాడు. "నా చేతుల్తో రాయి పెట్టాను, దుర్గా."

శ్రీదుర్గ ఆ గోతిలోకి చూసింది. ఆ క్షణంలో ఫెళ్ళున పిడుగు పడింది! ఆమె నడుము రెండుగా విరిగినట్టు నొప్పి లేచింది. కాన్పు నొప్పి. ఆమె నోటిలోంచి కేక వచ్చింది... అది ఆమె గొంతు కాదు. అప్పుడే పుట్టిన పసికందు ఏడుపు... సన్నగా, కీచుగా, ఆకలిగా...

ఆమె కాళ్లు వాటంతటవే నడవసాగాయి. ప్రదీప్ అడ్డుపడి భుజాలు పట్టుకున్నాడు. ఎండిపోయిన ఆ చేతుల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ బలం, అతన్ని గడ్డిపోచలా విసిరేసింది. జుట్టు విడిపోయి, కనుగుడ్లు పైకి పోయి, పసిబిడ్డలా ఏడుస్తూ ఆ స్త్రీమూర్తి కిక్కిసలోకి నడిచింది. కిక్కిస ఆమె వెనక మూసుకుంది.

లోపల, నీళ్ల మధ్య చిన్న మెరకలాంటి దిబ్బ మీద, తాటాకుల పాక ఒకటి ఉంది.

"రండమ్మా," అన్నాడు గుమ్మంలోంచి పాండురంగారావు. "కాలు జారుతుంది, నెమ్మదిగా రండి. మీ కోసమే చూస్తున్నాను."

ఇప్పుడు తెల్లచొక్కా లేదు. నల్లపంచె, ఒళ్లంతా చితాభస్మం. పాకలో గోడవారగా మూతులు కట్టిన ముంతలు వరసగా ఉన్నాయి. నేలమీద పసుపు, సున్నం, రక్తం కలిపి వేసిన భయంకరమైన ముగ్గు. ముగ్గు నడుమ, అరటాకు మీద, కుంకుమ పూసిన కపాలం... కొబ్బరిచిప్పంత... అరచేతిలో ఒదిగిపోయేంత చిన్న కపాలం!

ఓ మూల నాగరత్నం గుంజను పట్టుకుని నిలబడి ఉంది. కోడలిని ఆ స్థితిలో చూసి ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది.

"గురువుగారండీ... పోయిన బిడ్డే మళ్లీ కడుపున పడుతుందన్నారు. అందుకే కదండీ బిడ్డని పెట్టిన చోటు చూపించేను. ఇదేంటండీ?"

"పడింది కదండీ, నాగరత్నం గారూ," అన్నాడతను ఓపికగా. "ఇన్నాళ్లూ ఆవిడ నెత్తురు తాగి బలపడింది. ఇవాళ ప్రాణం కూడా తాగేసి బయటికొస్తుంది. తల్లి చూడని బిడ్డ, పేరులేని బిడ్డ, ఎవరూ ఏడవని బిడ్డ దొరకడం ఎంత కష్టమో మీకు తెలీదు. ఎవరికీ చెందనిది ఎవరు పిలిస్తే వాళ్లదవుతుంది. ఎక్కడికి పంపితే అక్కడికెళ్లి, ఎవరి గొంతు నొక్కమంటే వాళ్ల గొంతు నొక్కుతుంది."

నాగరత్నం అతని కాళ్ల మీద పడింది. "నన్ను చంపండి బాబూ. నా కోడల్ని వదిలెయ్యండి." అతను చిటికెన వేలు ఆడించాడు. ఆమె నాలుక అంగిలికి అంటుకుపోయింది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

"ఓం హ్రీం... క్లీం..." అతని మంత్రోచ్చారణకు పాక గుంజలు కంపించాయి. ఉరుములు దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాయి! శ్రీదుర్గ అడుగులో అడుగు వేసుకుంటూ ముగ్గులోకి వచ్చి, కపాలం ముందు కూలబడింది. ఆమె పొట్ట చర్మం కింద చిన్న వేళ్లు పైకి పాకడం కనిపిస్తోంది. పాదాల నుంచి చల్లదనం ఎక్కుతోంది... మోకాళ్లు... తొడలు... నడుము...

"తాగు," అన్నాడు మాంత్రికుడు కపాలంతో. ఆమె వైపు తిరిగి, "మీరు భయపడచ్చమ్మా. తప్పులేదు. విదిలించుకోండి, అవతలికి తొయ్యండి. కన్నతల్లి తోసేసిన బిడ్డ ఇంక నాదే," అన్నాడు.

అతను ఎదురుచూసింది ఆ భయం కోసమే. ఎందరో తల్లులు ఆ క్షణంలో కెవ్వుమని ఆ కపాలాన్ని తోసేశారు. అలా తోసేసిన బిడ్డలే గోడవారన ముంతల్లో ఉన్నారు.

కానీ శ్రీదుర్గకు భయం రాలేదు. రెండేళ్లుగా ఆమెకు ఏదీ రావడం లేదు. దేన్ని చూసి అతను ఆమెను ఎంచుకున్నాడో, ఆ మొద్దుబారిన మనసే ఇప్పుడు అతనికి అడ్డం వచ్చింది. ఆమె ఆ చిన్న ఎముక వైపు తేరిపార చూసింది. కిక్కిసను చీల్చుకుంటూ వెనకే వచ్చి, ముగ్గు అవతల, లోపలికి అడుగు పెట్టలేక, బురదలో మోకాళ్ల మీద పడి ఉన్న ప్రదీప్ గొంతు వినిపించింది.

"దుర్గా, అది మన పాప."

"తెలుసండి," అంది. ఈసారి గొంతు ఆమెదే.

రెండు చేతులా కపాలాన్ని ఎత్తుకుంది. కొంగుతో కుంకుమ తుడిచింది. అప్పుడే పుట్టిన పిల్లకు మెడ నిలవదు కదా, అందుకని కింద అరచెయ్యి ఆసరా పెట్టి, జాకెట్టు విప్పి, రొమ్ముకు ఆనించుకుంది.

"ఆకలేసిందా అమ్మా?" అంది. "ఇదిగో. ఎవరూ లాక్కోరు. నెమ్మదిగా తాగు."

పాలు ధారగా ఎముక మీంచి జారాయి. మంత్రం ఒక్కసారిగా తెగింది. పాండురంగారావు పెదవులు కదులుతున్నాయి కానీ శబ్దం రావడం లేదు.

"అలా చేయకూడదమ్మా," అన్నాడు ఎలాగో గొంతు పెగుల్చుకుని. మొదటిసారి అతని నవ్వు చెదిరింది. "మీరు ఇవ్వకూడదు. అది లాక్కోవాలి. కింద పెట్టండమ్మా."

శ్రీదుర్గ వినలేదు. మెడ దాకా నల్లటి జుట్టు, నిద్రపోతున్న మొహం... భర్త చెప్పింది చెప్పినట్టు ఆమె కళ్లముందుకు వచ్చింది. లేని జుట్టును వేళ్లతో నిమిరింది.

"నీలవేణి," అని పిలిచింది. "నీ పేరు నీలవేణి. నాన్న పేరు ప్రదీప్. నేను మీ అమ్మని."

ఆమె పొట్టలోని కదలిక ఆగింది. నెలల తరబడి బిగుసుకుపోయి ఉన్నది ఏదో ఒక పెద్ద ఊపిరి విడిచి, వెచ్చగా, తేలిగ్గా ఆమెలోంచి వెళ్లిపోయింది. అదే క్షణంలో ఆకాశం బద్దలైనట్టు పిడుగు పాక మీద పడింది! గోడవారన ముంతలన్నీ ఒక్కపెట్టున పగిలాయి.

తర్వాత ఏడుపులు... ఒకటి, పది, లెక్కలేనన్ని పసికందుల ఏడుపులు! పాకలోకి కొల్లేటి నీళ్లు తోసుకొచ్చాయి. నీళ్లు ఇంకా చేరని తడినేల మీద, మనుషులెవరూ కనపడకుండానే, బుల్లిబుల్లి అరచేతుల గుర్తులు పడుతున్నాయి. పాకుతూ... పాకుతూ... అన్నీ ఒకే వైపు...

మాంత్రికుడు వెనక్కి వెనక్కి జరిగాడు. తన నోటికొచ్చిన బీజాక్షరాలన్నీ చదివాడు. తాను ఆకలితో పెంచిన పిల్లలు ఆగలేదు. అతని పాదాల మీద చర్మం సొట్టలు పడింది. తర్వాత పిక్కల మీద... మోకాళ్ల మీద...

"అమ్మా, వాళ్లని ఆపండమ్మా. మీ మాట వింటారు," అన్నాడు చేతులు జోడించి.

శ్రీదుర్గ అతని వైపు చూసింది. కోపం లేదు, జాలీ లేదు.

"నా బిడ్డ నా ఒళ్లోనే ఉందండి," అంది. "వాళ్లు మీరు పెంచినవాళ్లు."

మోకాలి లోతు కూడా లేవు ఆ నీళ్లు. అయినా ఆ మనిషి అందులో మునిగిపోయాడు. ఎవరో పట్టి గుంజినట్టు ముందు నడుము, తర్వాత ఛాతీ, చివరికి తెరిచిన నోరు... పైన కాసేపు బుడగలు వచ్చాయి. అవి కూడా ఆగిపోయాక, ఏడుపులు ఒక్కొక్కటిగా సద్దుమణిగాయి, కడుపు నిండి నిద్రలోకి జారుకునే పిల్లల్లా. గాలి తగ్గింది. కిక్కిసలో ఎక్కడో ఒక కొంగ అరిచింది.

మర్నాడు పోలీసులు వెతికితే అతని శవం దొరికింది. మునిగి చనిపోయాడన్నారు. ఒంటిమీది గాట్లు చేపలు కొరికినవన్నారు.

నీలవేణిని వాళ్లు గణపవరం దగ్గర తమ వరిపొలం గట్టున ఉంచారు. ఈసారి గుడ్డ చుట్టింది శ్రీదుర్గే. మట్టి వేసే ముందు ఆమె కాస్త దూరంగా నిలబడిపోయిన అత్తగారి వైపు తిరిగింది. నాగరత్నానికి మాట ఇంకా సరిగా రావడం లేదు.

"ఒకసారి ఎత్తుకోండి అత్తయ్యా," అంది.

"నాకు... ఆ అర్హత లేదమ్మా."

"లేదండి," అంది శ్రీదుర్గ. "అయినా ఎత్తుకోండి. మీకూ మొదటి మనవరాలే కదా."

ఆ వారంలోనే ఆమెకు నెలసరి వచ్చింది. పొట్ట తీసేసినట్టు తగ్గిపోయింది. కానీ ఆ మొద్దుతనం మాత్రం వదల్లేదు. పాండురంగారావు చావు ఆమెలో ఏ ఊరటా నింపలేదు. తినేది, పడుకునేది, కిటికీలోంచి చూసేది.

కార్తీకంలో ఒక ఉదయం, డాక్టర్ స్నేహలత రమ్మంటే, ఏలూరు వెళ్లి ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుంది. ప్రదీప్ మందులషాపుకి వెళ్లాడు. పక్కన కూర్చున్న నిండు చూలాలు, చింతలపూడి నుంచి వచ్చిందట, కబుర్ల మనిషి. కమలాపండు ఒలిచి సగం చేతిలో పెట్టింది.

"మీకు పిల్లలెంతమందండీ?"

"ఒక పాపండి."

"పేరేంటండీ?"

"నీలవేణి."

"ఎంత బాగుందండీ పేరు. బడికెళుతుందా?"

శ్రీదుర్గ జవాబు చెప్పబోయింది. ఒక తొన నోటిదాకా తీసుకెళ్లి, మళ్లీ దించింది.

"లేదండి," అంది. "పోయింది. చాలా జుట్టుండేదండి. నేను చూళ్లేదు..."

కమలాపండు తొన ఒడిలో పడిపోయింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. చింతలపూడి ఆవిడ మధ్యలో ఉన్న సంచీ తీసి కింద పెట్టి, దగ్గరగా జరిగి, చెయ్యి పట్టుకుంది.

లోపలి నుంచి నర్సు శ్రీదుర్గ పేరు పిలిచింది. మళ్లీ పిలిచింది. చింతలపూడి ఆవిడ, తర్వాతి వాళ్లని పంపమన్నట్టు చేత్తో సైగ చేసింది. శ్రీదుర్గ అక్కడే, ఆ బల్ల మీదే, వరండాలో వచ్చేపోయే జనమంతా చూస్తుండగా, కూతురి కోసం వెక్కివెక్కి ఏడ్చింది.